ఖాళీని కొలిచినవాడు

సముద్రానికి గట్టు కట్టి, ఇంతవరకే రమ్మని చెప్పిన దేవునికి స్తోత్రం. మేఘం ఎంత నీరు మోయాలో, మనిషి కంట్లో ఎంత నీరు నిలవాలో నిర్ణయించిన ప్రభువుకే మహిమ. ఆయన లెక్క నాకు ఈ వారం బొత్తిగా అర్థం కాలేదు. అర్థం కాకపోయినా స్తోత్రం చెప్పకుండా నోరు తెరవకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని కాబట్టి, ముందు స్తోత్రం చెప్పి తర్వాత రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా మందిరం మెట్ల మీద ఒక మనిషి కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆయన పేరు రాయను. సంఘంలో ఎవరైనా మైకులో తన పేరు చెప్పి సాక్ష్యం చెప్పమంటే, నీళ్ల ట్యాంకు చూసి రావాలని చెప్పి మేడ మీదికి జారుకునేవాడు. ఇప్పుడు జారుకోలేడు కదా అని అచ్చులో పేరు వేయడం నాకిష్టం లేదు.

ఆయన భార్య సుగుణకు రెండు మూత్రపిండాలూ పనిచేయవు. రోజు విడిచి రోజు ఎర్రగడ్డ అవతల ఆసుపత్రికి వెళ్లి యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు గనుక, తాగే నీటికి కొలత ఉంది. ఆ కొలత ఆయన చేతిలో ఉండేది. ఇప్పుడు ఎవరి చేతిలో ఉండాలి? ఈ వారమంతా మా ఇంట్లో ఇదొక్కటే ప్రశ్న.

మా మందిరం కృష్ణానగర్ సందులో, సినిమా బట్టలు అద్దెకిచ్చే దుకాణం పైన ఉంటుంది. నేను పాస్టరుగారి భార్యను. కింద దుకాణంలో సుగుణ కుట్టుపని చేసేది. ఒంట్లో బాగాలేక పని మానేశాక, గాలి వెలుతురు ఉంటాయని భార్యాభర్తలిద్దరూ మేడ మీది గది అద్దెకు తీసుకున్నారు. ఆ గది ముందే తీగల మీద పోలీసు చొక్కాలు, రాజుల అంగీలు, దేవదూతల రెక్కలు ఆరుతుంటాయి. ఆ పక్కనే మా నీళ్ల ట్యాంకు.

ఆ ట్యాంకు వల్లే ఆయన మాకు పరిచయమయ్యాడు. మేము మోటారు ఆపడం మరిచిపోయేవాళ్లం. నీళ్లు పొర్లి ఆరేసిన బట్టల మీద పడేవి. దుకాణం యజమాని మెట్లెక్కి వచ్చి, "పాస్టరమ్మా, మీ దేవుడు మళ్ల నా పోలీసోళ్లకు బాప్తిస్మం ఇచ్చిండు" అని అరిచేవాడు.

గదిలో దిగిన వారంలోపే ఈయన ఆ అరుపు విన్నాడు. మర్నాడు ఫ్యాక్టరీలో పక్కన పడేసిన పాత మీటరు ఒకటి బాగుచేసి తెచ్చాడు. చూస్తే మైకు తలకాయలా ఉంది. దాన్ని ట్యాంకు మూతకు బోర్లా బిగించి, తీగను కిందికి లాగి, మోటారు స్విచ్చు దగ్గర చిన్న పెట్టెకు కలిపాడు.

"గింత ట్యాంకుకు గంత మీటరు జర ఎక్కువనే అమ్మగారూ. యాసిడ్ ట్యాంకులల్ల పెట్టేది ఇది."

ఆయన ఉద్యోగం అదే. ఊరి బయట మందుల ఫ్యాక్టరీల్లో యాసిడ్ ట్యాంకులు, మురుగునీటి సంపులు. ఇటు ఫిలింనగర్‌లో స్టూడియోల నీళ్ల ట్యాంకులు, జూబ్లీహిల్స్ హోటళ్లలో నేల కింది ట్యాంకులు. వీటిలో ద్రవం ఎంతవరకు ఉందో చెప్పే మీటర్లు బిగించడం, పాడైతే బాగుచేయడం.

"యాసిడ్‌ల చెయ్యి పెట్టి చూస్తమా? తాకకుండ తెలుసుకోవాలె. అందుకే ఇది. మన చెవులకు ఇనరాని సప్పుడు కిందికి కొడతది. గా సప్పుడు నీళ్లను తాకి తిరిగొస్తది. ఎంతసేపటికి వచ్చిందో చూసుకుంటది. జల్ది వస్తే నీళ్లు దగ్గరున్నట్టు. ఆలస్యమైతే కిందికి పోయినట్టు."

"అంటే నీళ్లను కొలుస్తుందన్నమాట" అన్నాను.

"కాదమ్మా. నీళ్లను అది ఎన్నడు కొలవదు. పైనున్న ఖాళీనే కొలుస్తది. ట్యాంకు లోతుల నుంచి ఖాళీని తీసేస్తే మిగిలినయి నీళ్లు."

ఈ మాట ఆయన ఎంతమందికి చెప్పేవాడో! కొత్త విశ్వాసులకూ, కింద దుకాణం యజమానికీ, జూనియర్ ఆర్టిస్టుల్ని ఎక్కించుకునే ఆటోవాళ్లకూ చెప్పేవాడు. చెప్పేటప్పుడు నాలుకను అంగిటికి కొట్టి టిక్కుమనిపించి, చెవి దగ్గర అరచేయి పెట్టుకుని, తిరిగొచ్చే చప్పుడు కోసం ఆగేవాడు. ఏ వస్తువు కనిపించినా వేలి మడత కీలుతో తట్టి వినే అలవాటు. గ్యాస్ బండ, పుచ్చకాయ, మా ఆయన కొత్తగా కొన్న చెక్క ప్రసంగవేదిక, అన్నీ తట్టాడు. "లోపల బోలుగున్నది అయ్యగారూ" అన్నాడు వేదికను తట్టి. సంఘం నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

మీటరు బిగించిన రోజు ఆయన అడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పాలి. చివరికి అదే నాకు మిగిలింది.

"అయ్యగారూ, ఎకో, గదే తిరిగొచ్చే సప్పుడు, రాకపోతే ఏం చెయ్యమంటరు?"

"రాకపోవడం ఏంటి బ్రదర్? మీరే కదా వస్తుందన్నారు" అన్నారు మా ఆయన.

"వస్తది. గానీ తెల్లారితే దీని మొహం మీద చెమ్మ పడతది. సాలీడు గూడు కడతది. నురగ తేలితే సప్పుడును మింగేస్తది. అప్పుడు తిరిగి రాదు. రానప్పుడు ట్యాంకు నిండిందనుకోవాల్నా, ఖాళీ అనుకోవాల్నా? గది ఇప్పుడే చెప్పి పెట్టాలె దీనికి. ఆగమైనంక ఆలోచించుడు కాదు."

"మీరైతే ఏం పెడతారు?"

"నేనైతే ఎప్పుడు నిండిందనే పెడత. మోటరు బందైతది. దాహమైతది, గంతే. ఖాళీ అని పెడితే పోసుకుంటనే ఉంటది, యాసిడ్ పొర్లి మనుషుల మీద పడతది."

అలాగే పెట్టాడు. తర్వాత దుకాణం యజమాని మళ్లీ అరవలేదు.

సుగుణ దాహం గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. పొద్దున్నే ఆ రోజు తాగదగ్గ నీళ్లన్నీ ఒక గాజు సీసాలో పోసి గూట్లో పెట్టేవాడు. ఆమె టీ తాగితే, టీ ఎంతో అన్ని నీళ్లు సీసాలోంచి తీసి గుమ్మం పక్క క్రోటన్ కుండీలో పోసేవాడు. పప్పుచారు తిన్నా అంతే. మాత్రకు గుక్కెడు తాగినా అంతే. సాయంత్రానికి సీసాలో మిగిలినదే ఆమెది. ఆమె సీసాలో నీళ్లను చూసేది కాదు. పైన ఖాళీ ఎంత పెరిగిందో చూసేది. "అక్కా, కలల నిండ నీళ్లే. లేస్తే నోట్లె ఇసుక" అనేది నాతో. క్రోటన్ మాత్రం మా వీధిలో ఎవరింట్లోనూ లేనంత ఏపుగా పెరిగింది.

ఆమె ముందు ఆయన నీళ్లు తాగడం నేనెప్పుడూ చూడలేదు. ఎండలో ఫ్యాక్టరీ నుంచి వచ్చి, మా మందిరం మెట్ల కింద కొళాయి దగ్గర వంగి దోసిలి పట్టి తాగి, మీసం తుడుచుకుని, అప్పుడు మేడెక్కేవాడు. స్టూడియోలో వాన సీను ఉన్న రోజుల్లో ట్యాంకుల దగ్గర కాపలా ఆయనదే. "హీరోయిన్ ఏడ్వాలంటే గ్లిజరిన్ కావాలె, వాన పడాలంటే నేను కావాలె" అని నవ్వేవాడు. ఆ రోజుల్లో సంచిలో ఇంకో చొక్కా పెట్టుకెళ్లేవాడు. తడి చొక్కాతో ఇంట్లోకి వెళ్తే సుగుణ ఆ తడిని చూస్తుందని.

ఆమె బతకాలన్న ఒక్క ప్రార్థన తప్ప ఆయన ఇంకేదీ అడగగా నేను వినలేదు. మంచి గది, జీతం పెంపు, సొంత బండి అంటూ సంఘంలో అందరూ ఏదో ఒకటి అడుగుతారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని పెదవులు కదపకుండా చాలాసేపు ఉండి, లేచి, "ఏం సప్పుడు లేదు అయ్యగారూ" అనేవాడు.

ఆ మాట మా ఆయన గుండెల్లో గుచ్చుకుంది. ఒక ఆదివారం ప్రసంగంలో మీటరు సంగతి ఎత్తారు. సుగుణ భర్తే ఎప్పుడో చెప్పిన విషయం అది. నీళ్లు మరీ దగ్గరికి వస్తే మీటరు వాటిని గుర్తించలేదట. చప్పుడు కొట్టాక తన తలకాయ కాసేపు వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకు ఆగేలోపే ఎకో వచ్చేస్తే దానికి వినపడదు. అందుకే బిగించేటప్పుడు నిండు నీటికి కాస్త ఎత్తులో ఉంచాలి. మా ఆయన దీన్ని పట్టుకుని, దేవుడు జవాబివ్వలేదని మనం వణుకుతున్నామే, ఆయన మరీ దగ్గరికి వచ్చి ఉంటే? అని అడిగారు. జనం హల్లెలూయ అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

ప్రసంగం అయ్యాక సుగుణ భర్త వేదిక దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మంచిగ చెప్పిండ్రు అయ్యగారూ. గానీ నా మీటరును ప్రసంగంలకు తేకుండ్రి."

"ఏం బ్రదర్, తప్పు చెప్పానా?"

"తప్పేం లేదు. గది యంత్రం. ఎకో రాకపోతే దాని మీద ఎర్రలైటు ఎలుగుతది. నేను నిచ్చెనెక్కి పోయి మొహం తుడుస్త. నాకు ఎవలొచ్చి తుడుస్తరు?"

మా ఆయన దగ్గరికి జరిగి, ఆయన భుజం మీద చేయి వేశారు. ఆయన ఆ చేతిని కాసేపు ఉండనిచ్చి, మెల్లిగా తప్పుకుని మెట్లెక్కాడు.

పోయిన ఎండాకాలం ఉపవాస ప్రార్థన జరిగిన గురువారం గురించి ఇక చెప్పాలి. మా సంఘంలో రత్నమ్మ పెద్దమ్మ ఉంది. ఏలూరు పక్క మనిషి. సినిమాల్లో చావు సీన్లలో ఏడవడానికి ఆమెను పిలుస్తారు. విశ్వాసంలో ఆమెకు సగం కొలతలు లేవు. ఆ రోజు మధ్యాహ్నం పంకా గాలి కూడా సెగలా ఉంది. పాటలు పైకి లేచాయి. అందరం కళ్లు మూసుకుని చేతులెత్తి ఉన్నాం. రత్నమ్మ సుగుణ తల మీద చేయి పెట్టి బిగ్గరగా ప్రార్థిస్తూ, "అయిపోయిందమ్మా, స్వస్థత వచ్చేసింది! నా చేతికి సెగ తగిలింది! విశ్వాసంతో తాగు తల్లీ, తాగు!" అంది. జగ్గు, గ్లాసు ఆమె పక్కనే ఉన్నాయి. సుగుణ తాగింది. ఎంత దాహమో దేవునికి తెలుసు. గ్లాసు తర్వాత గ్లాసు తాగుతూ, ఏడుస్తూ, నవ్వుతూ స్తోత్రం చెప్పింది. మేమూ చప్పట్లు కొడుతూ స్తోత్రం చెప్పాం.

అప్పుడే ఆయన పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో హెల్మెట్. పాట దానంతట అదే ఆగిపోయింది. ఆయన అరవలేదు. నడిచి వచ్చి, జగ్గు ఎత్తి వెలుగుకు పెట్టి లోపలికి చూశాడు.

"ఎంత తాగింది?"

సుగుణ గ్లాసు కింద పెట్టేసింది.

"కోపం కాదు. డాక్టరుకు చెప్పాలె. ఎన్ని గ్లాసులు? జగ్గు ముందుగాల్నే నిండున్నదా? జర ఎవలన్న చెప్పుండ్రి."

"కళ్లు మూసుకున్నాం నాయనా" అంది వెనక నుంచి ఒకామె.

"అందరా?" అన్నాడు ఆయన. "అందరు కండ్లు మూసుకుంటే ఎట్ల? ఒక్కలన్న తెరిచి ఉండాలె గదా."

సాయంత్రానికి సుగుణకు ఊపిరి ఆడలేదు. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరింది. ఆటోలో ఎర్రగడ్డ దాటుతుంటే ఆమె నా ఒడిలో బుడబుడమని శ్వాస తీసుకోవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆసుపత్రిలో వెంటనే యంత్రం మీదికి ఎక్కించారు. వరండాలో బల్ల మీద ఆయన, నేను. నేల మీద రత్నమ్మ.

"బాబూ, నా నోరు పడిపోను. నీ పెళ్లాన్ని నేనే చంపుకున్నాను" అని ఆమె ఆయన పాదాలు పట్టుకుంది.

ఆయన కాళ్లు వెనక్కి తీసుకుని, ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టాడు.

"పెద్దమ్మా, ట్యాంకుల నిచ్చెన ఉందనుకో. సప్పుడు నీళ్ల దాక పోకముందే నిచ్చెనను తాకి తిరిగొస్తది. మీటరు గదే నీళ్లనుకుని నిండింది నిండింది అని చెప్తది. మీటరు అబద్ధం ఆడలే. దానికి నిజంగనే ఎకో వచ్చింది. నీళ్లది కాదు, నిచ్చెనది. నీక్కూడ గట్లనే వచ్చింది."

రత్నమ్మకు ఎంత అర్థమైందో తెలియదు. ఆయన ఆమె కొంగే ఆమె చేతికి అందించి మొహం తుడుచుకోమన్నాడు. తర్వాత చాలాసేపు లోపలి తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను ప్రార్థన చేద్దామా అన్నాను.

"చెయ్యండి అమ్మగారూ. నేను ఇనుకుంట ఉంట."

చేశాను. నా మాటలు నాకే గోడకు కొట్టుకున్నట్టు వినిపించాయి. ఆమేన్ అన్నాక ఆయన నెమ్మదిగా అన్నాడు.

"నాకు ఒక్కసారి కూడ ఎకో రాలే అమ్మగారూ. సుగుణకు జబ్బు చేసిన కాడ్నుంచి అడుగుతున్న. ఏం సప్పుడు లేదు. గందుకే ముందే పెట్టుకున్న. సప్పుడు రాకపోతే నిండే ఉందనుకోవాలె, ఆయన ఉన్నడనే అనుకోవాలె అని. దాహమైతది. గానీ కొట్టుకపోను."

నాకు గుండె నిండిపోయింది. "అదే విశ్వాసం బ్రదర్" అన్నాను.

"విశ్వాసమో ఏమో. గది నేను పెట్టుకున్నది, గంతే. లోపల ఎంత ఉందో నాకు తెల్వది. మీకు తెలుసా?"

నేను లేఖనాలు చదివి పెరిగినదాన్ని. ఎన్నో వాక్యాలు నోటికి వచ్చు. ఆ వరండాలో మాత్రం లేచి తలుపు సందులోంచి యంత్రం వైపు చూశాను.

ఆ గండం సుగుణ గట్టెక్కింది. దేవునికి స్తోత్రం. ఆయన మళ్లీ సీసా నింపాడు, మళ్లీ క్రోటన్‌కు పోశాడు. రత్నమ్మ అప్పటి నుంచి కళ్లు తెరిచే ప్రార్థన చేస్తోంది. కొత్తవాళ్లు చూసి వింతగా అనుకుంటారు. ఆమె చెప్పదు, మేమూ చెప్పం.

పోయిన సోమవారం ఆయన్ను మట్టి చేశాం. అది సుగుణ ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు. సమాధి మట్టి పాదాలకు ఉండగానే ఆటో ఎక్కి వెళ్లింది. చావు సీన్లలో గుండెలు బాదుకునే రత్నమ్మ సమాధి దగ్గర ఒక్క కన్నీటి చుక్క రాల్చలేకపోయింది. "రావట్లేదమ్మా, గ్లిజరిన్‌కు అలవాటైన కళ్లు" అంది, తన మీద తనకే అసహ్యంగా.

బుధవారం వెళ్దామంటే సుగుణ గోడ వైపు తిరిగి పడుకుంది. "నేను రాను అక్కా."

"అలా అంటే ఎలా సుగుణా? ఆయన నిన్ను ఎలా చూసుకున్నారు! ఆయన కోసమైనా రావాలి."

"ఆయన కొలుసుకుంట కొలుసుకుంట నన్ను ఉంచి, తాను పోయిండు. ఇగ ఎవల కోసం కొలుసుకోవాలె?"

మా ఆయన వచ్చి బతిమాలారు. కింద దుకాణం యజమాని వచ్చి, ఆటో తానే పిలుస్తానన్నాడు. ఆమె లేవలేదు. ఆ రోజు తప్పింది.

ఇవాళ గురువారం. పొద్దున్న మేడ మీదికి వెళ్లేసరికి ఆమె పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. గుమ్మంలో రత్నమ్మ రెండు కళ్లూ తెరిచి కూర్చుని ఉంది. నేను గాజు సీసా కడిగి, తెలిసినంతలో నింపి గూట్లో పెట్టాను. టీ ఇచ్చాను. సుగుణ తాగింది. గ్లాసు కింద పెట్టి సీసా వైపు చూసింది.

ఆయన చేసే పని ఎవరో చేయాలి గనుక నేను లేచాను. సీసా తీసుకుని క్రోటన్ కుండీ దగ్గరికి వెళ్లి వంచాను. నా చేయి వణికింది. నీళ్లు ధారగా పడ్డాయి.

"గంత కాదక్కా!" అంది సుగుణ మంచం మీద నుంచి. గొంతు బొంగురుగా ఉంది. "టీ గింతనే గదా. అన్నీ పోస్తవా ఏంది?"

నేను సీసా నిలబెట్టాను. రత్నమ్మ నా వైపు చూసింది. సుగుణ మళ్లీ గోడ వైపు తిరిగింది. రేపు వెళ్దామా అని అడిగాను. ఆటో పొద్దున్నే సందు మొదట్లో ఆగుతుంది. ఆమె వస్తానని ఇంకా అనలేదు. రేపు కూడా తప్పితే ఏమవుతుందో డాక్టరును అడిగే ధైర్యం నాకు లేదు.

సహోదరులారా, సహోదరీలారా, నేను ఆ గది గుమ్మంలో కూర్చుని ఇది రాస్తున్నాను. నాకూ ఏ చప్పుడూ వినిపించడం లేదు. ఆయన పెట్టుకున్నట్టే నేనూ పెట్టుకున్నాను, దేవుడు ఉన్నాడని. మీకు ఈ కాగితం చేరేసరికి ఆ రేపు గడిచిపోయి ఉంటుంది, ఏమైందో మీకు తెలియదు. అయినా ప్రార్థించండి. కాలం ఆయన చేతిలోది, మీ ప్రార్థన వెనక్కి కూడా నడిచి రాగలదని నమ్ముతున్నాను. సుగుణ మెట్లు దిగాలని అడగండి. ఆమె సీసాను రోజూ కొలిచే చేయి ఒకటి వణకకుండా ఉండాలని అడగండి. అడిగేటప్పుడు మాత్రం కళ్లు మూసుకోకండి. ఒక్కరైనా తెరిచి ఉండాలి.